చిన్న కంపెనీలో జీతాల లెక్కను గాడిలో పెట్టడం ఎలా?

హైదరాబాద్‌లో బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో ముప్పై నలభై మందితో నడిచే కంపెనీల్లో ఒక అలవాటుంది. ఎవరైనా మానేస్తానంటే చాలు, గదిలోకి పిలిచి రెండు వేలు పెంచి ఆపేస్తారు. ఆ సంగతి సాయంత్రం చాయ్ టైముకల్లా అందరికీ తెలిసిపోతుంది, వచ్చే నెల ఇంకో ఇద్దరు మానేస్తామంటారు.

ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. చేరిన సంవత్సరం, చేసే పని, జీతం, అంతే. ఒకే పని చేసేవాళ్లను పక్కపక్కన పెట్టి చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు ఎనిమిదేళ్లుగా లేత్ మెషిన్ మీదున్న పెద్దాయనకు 22 వేలు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి 24 వేలు ఉంది. కావాలని ఎవరూ చేయలేదు. కుర్రాడు బేరమాడాడు, ఆయన అడగలేదు.

తర్వాత ఒక్కో పనికి ఇంత నుంచి ఇంత వరకు అని రాసుకోండి. హెల్పర్, ఆపరేటర్, సూపర్‌వైజర్, ఇలా నాలుగైదు చాలు. కొత్తవాళ్లతో బేరం ఆ హద్దుల్లోనే సాగాలి. హద్దు కింద ఉన్న పాతవాళ్లను ఇంక్రిమెంట్ల కంటే ముందే పైకి తేవాలి. యజమాని గొణుగుతాడు, గొణగనివ్వండి.

అసలు గొడవంతా సీటీసీ దగ్గరే, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు దగ్గర. నెలకు 30 వేల సీటీసీ, అందులో బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) 15 వేలు అనుకోండి. కంపెనీ వంతు పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ (ఏళ్ల సర్వీసుకు మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద పక్కన పెట్టే 721 ముందే పోతాయి. మిగిలిన 27,479లో అతని వంతు పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 కట్ అయ్యాక బ్యాంకులో పడేది 25,479. మొదటి జీతం రోజు "మిగతా నాలుగున్నర వేలు ఏవి సార్?" అని అడిగించుకునే బదులు ఆఫర్ లెటర్‌లోనే ఈ లెక్క వేసి చూపించండి.

20 మంది ఉంటే పీఎఫ్, 10 మంది ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) తప్పవు. నెల జీతం 21 వేల లోపున్నవాళ్లకు ఈఎస్ఐ కింద కంపెనీ 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కట్టాలి. పీఎఫ్ తక్కువ కట్టడానికి బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచే పాత కిటుకు ఇక పనిచేయదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం అలవెన్సులు సగం దాటితే ఆ పైదంతా వేతనం కిందే లెక్క. మానేసినవాళ్ల జీతం బాకీ కూడా రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి, నెలల తరబడి తిప్పించుకోవడం కుదరదు.

ఇంక్రిమెంట్ ఎంత, ఎందుకు అన్నది మనిషిని కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పండి. వాట్సాప్‌లో పంపొద్దు.

మా లేత్ పెద్దాయన జీతం 26 వేలు చేసినప్పుడు ఆయన థాంక్స్ ఏమీ చెప్పలేదు. "మరి ఇన్నాళ్ల తేడా సంగతేంటి సార్?" అన్నారు. యజమానితో రెండు వారాలు వాదించి మూడు నెలల తేడా మాత్రం ఇప్పించగలిగాను.