పొట్టిగా ఉన్నవాళ్లకు పవర్ కుట్టు మిషన్ బల్ల ఎత్తు సరిచేయడం ఎలా?

మూడేళ్ల కిందట మా కుట్టు షెడ్డులో ఒక అమ్మాయి పనికి చేరింది. ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు. చేతిలో మంచి పనితనం ఉంది. కానీ మధ్యాహ్నం దాటేసరికి కుట్టు వంకరపోయేది, సాయంత్రానికి మెడ పట్టుకుని కూర్చునేది. కుర్చీ మీద దుప్పటి మడతపెట్టి వేసుకుంటే చేతులు బల్లకు అందేవి, కాళ్లు పెడల్‌కు అందేవి కావు. దుప్పటి తీసేస్తే కాళ్లు అందేవి, భుజాలు చెవుల దాకా లేచేవి. "అక్కా, ఈ పని నాకు పడదేమో" అని ఒకరోజు తనే అంది. అప్పుడుగానీ నేను టేపు పట్టుకుని ఆ బల్ల కిందికి వంగి చూడలేదు.

మిషన్ దింపిన రోజున మెకానిక్ బోల్టులు ఎక్కడ బిగించాడో అక్కడే ఉన్నాయి. బల్ల పైభాగం నేలనుంచి 31 అంగుళాలు. ఆ అమ్మాయి కొలతలకు కావలసింది 28న్నర. ఇద్దరం కలిసి రెండు పానాలతో గంటన్నరలో దించాం. మోటారుతో నడిచే ఈ పవర్ మిషన్ల స్టాండ్లలో చాలావాటికి కాళ్లలో నిలువు గాడి ఉంటుంది, దాంట్లో బోల్టులు ఉంటాయి. ఎత్తు మార్చుకోవడానికే ఆ ఏర్పాటు. అయినా చాలా షెడ్లలో వాటిని ఎవరూ ముట్టుకోరు.

కొలత పాదం దగ్గర మొదలుపెట్టాలి

బల్ల ఎత్తుగా ఉందంటే అందరూ ముందు కుర్చీ పెంచుతారు. పొట్టిగా ఉన్నవాళ్లకు కష్టం అక్కడే మొదలవుతుంది. కుట్టే మనిషి పాదం ఉండేది పెడల్ మీద. కాబట్టి పాదం నుంచి సీటు, సీటు నుంచి మోచేయి, మోచేయి నుంచి బల్ల అన్న వరుసలోనే కొలవాలి. వరుస తిరగబడితే ఒకచోట సర్దింది ఇంకోచోట చెడుతుంది.

చెప్పులు వదిలి కుట్టే అలవాటుంటే ఉత్తికాళ్లతోనే కొలవండి. మనిషిని కూర్చోబెట్టి అరికాలి నుంచి మోకాలి వెనక మడత దాకా చూడండి. మా అమ్మాయికి 15 అంగుళాలు వచ్చింది. పెడల్ మధ్యభాగం నేలనుంచి 3 అంగుళాల ఎత్తున ఉంది. రెండూ కలిపితే 18. కాలు కాస్త ముందుకు చాపి ఉంటుంది కాబట్టి అర అంగుళం తగ్గించి సీటు 17న్నర దగ్గర పెట్టాం.

ఇప్పుడు భుజం వదులుగా వేలాడదీసి, మోచేయి మడిచి, సీటు నుంచి మోచేతి కింది దాకా కొలవండి. మాకు 8న్నర వచ్చింది. అంటే మోచేయి నేలనుంచి 26 అంగుళాల ఎత్తున ఉంది. బల్ల దానికి రెండు మూడు అంగుళాలు పైన ఉంటే బాగుంటుంది. నిలబడి చేసే బరువు పనులకు బల్ల మోచేతికి కింద ఉండాలంటారు కదా, ఇక్కడ పైన ఎందుకని అడగొచ్చు. కుట్టేవాళ్ల కన్ను సూది మీద ఉండాలి. బల్ల మరీ కిందికి పోతే సూదిని చూడటానికి నడుము, మెడ వంచాలి. మరీ పైకి పోతే భుజాలు లేస్తాయి. ఈ రెంటికీ మధ్య చోటే మనకు కావలసింది. 26కు రెండున్నర కలిపి 28న్నర అనుకున్నాం.

ఇంకొక్కటి చూసుకోవాలి, తొడలు పడతాయా అన్నది. మా బల్ల చెక్క మందం ఒకటిన్నర అంగుళం. దాని కింద నూనె తొట్టి ఇంకో మూడున్నర అంగుళాలు వేలాడుతుంది. 28న్నరలో ఈ అయిదూ తీసేస్తే 23న్నర. సీటు 17న్నర మీద తొడ మందం 5 అంగుళాలు, అంటే 22న్నర. ఒక అంగుళం ఖాళీ మిగిలింది. ఈ ఖాళీ లేకపోతే బల్లను ఇంకా దించకండి. తొట్టి తొడకు ఒరుసుకుంటుంటే గంటసేపు కూడా కుదురుగా కూర్చోలేరు.

బోల్టు మీద పానా పెట్టే ముందు

స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. క్లచ్ మోటారయితే, అంటే స్విచ్ వేసి ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉండే రకమైతే, స్విచ్ ఆపినా లోపలి చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో పెడల్ తగిలినా సూది దిగుతుంది. వేళ్లు సూదికి దూరంగా ఉంచి పెడల్ రెండుమూడుసార్లు తొక్కి, మిషన్ ఏమాత్రం కదలడం లేదని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టండి. తొక్కినప్పుడే తిరిగే సర్వో మోటారయినా ప్లగ్ పీకాక ఒకసారి తొక్కి చూడండి. దారం తీసేసి, సూది కూడా విప్పేయండి.

ఈ పని ఒంటరిగా వద్దు. మిషన్ హెడ్డు, అంటే బల్ల మీదుండే కుట్టే భాగం ఒక్కటే 25 కిలోల పైన ఉంటుంది, మోటారు అదనం. స్టాండును పక్కకు పడుకోబెట్టి విప్పుదామనీ చూడకండి. తొట్టిలో నూనె ఉంటే షెడ్డంతా పారుతుంది, కుట్టిన బట్టల మీద పడితే ఆ మరక ఒక పట్టాన పోదు.

మార్కరుతో ప్రతి కాలి మీదా ఇప్పుడున్న చోట ఒక గీత, దించాల్సినంత కింద (మాకు రెండున్నర అంగుళాలు) ఇంకో గీత గీయండి. తర్వాత బల్ల నాలుగు మూలల కిందా ఇటుకలు పేర్చి, పైన చెక్కముక్కలు పెట్టి దన్ను కట్టండి. దన్ను ఎత్తు బల్ల కొత్త ఎత్తులోంచి చెక్క మందం తీసేసినంత ఉండాలి, మాకు 28న్నరలోంచి ఒకటిన్నర పోగా 27 అంగుళాలు. బోల్టు జారినా బల్ల దన్ను మీద ఆగుతుంది, వేళ్లు నలగవు. దించాల్సిన ఎత్తును కూడా దన్నే చెబుతుంది, మళ్లీ మళ్లీ కొలవక్కర్లేదు.

ముందు పెడల్ కడ్డీ, తర్వాత బల్ల

ఇది మేం తప్పు చేసి నేర్చుకున్నది. మోటారు, హెడ్డు రెండూ బల్లకే బిగించి ఉంటాయి. అందుకే బల్ల దిగితే అవీ కలిసి దిగుతాయి, బెల్టును ముట్టుకోనక్కర్లేదు. పెడల్ మాత్రం కింద స్టాండు పట్టీ మీద ఉంటుంది. మోటారు మీటకూ పెడల్‌కూ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. కడ్డీని వదులు చేయకుండా బల్ల దించితే అది పెడల్ ముక్కును నేలకు నొక్కేస్తుంది, ఆపైన వంగుతుంది. మేం అలాగే ఒక కడ్డీ వంచి కొత్తది కొనుక్కున్నాం.

కడ్డీ మధ్యలో రెండు ముక్కలను కలిపే బిగింపు ఉంటుంది. ఆ నట్టు వదులు చేసి కడ్డీ స్వేచ్ఛగా జారేలా పెట్టండి. ఇక బల్ల బోల్టులకు రండి. వాటిని పూర్తిగా విప్పకండి, గాడిలో జారేంత వదులు చేస్తే చాలు. ఒకరు బల్ల పట్టుకోవాలి, ఇంకొకరు పానా పట్టాలి. ఎడమ వైపు ఒక అంగుళం, కుడి వైపు ఒక అంగుళం, మళ్లీ ఎడమ వైపు, ఇలా దించండి. ఒకేసారి ఒక పక్క అంతా దించితే గాడిలో బోల్టు పట్టేస్తుంది, స్టాండు మెలికపడుతుంది.

బల్ల దన్ను మీద ఆనాక బోల్టులు చేత్తో బిగించి, పైన రసమట్టం పెట్టి చూడండి. నిలువునా అడ్డంగా రెండు వైపులా చూడాలి. నూనె తొట్టి ఉన్న మిషన్ ఒక పక్కకు వాలితే నూనె ఒకచోటికే చేరుతుంది. మట్టం కుదిరాక పానాతో గట్టిగా బిగించి, దన్ను తీసి, బల్ల మూలలు పట్టుకుని ఊపి చూడండి. ఊగుతుంటే కాళ్ల కింది రబ్బరు దిమ్మలు సర్దండి. కాగితం మడతలు పెట్టకండి, రెండు రోజుల్లో నలిగిపోతాయి.

ఇప్పుడు కడ్డీ కుదించాలి. మనిషిని కూర్చోబెట్టి పాదం పెడల్ మీద పెట్టించండి. తొక్కకుండా ఉన్నప్పుడు వేళ్ల వైపు కాస్త పైకి, మడమ వైపు కాస్త కిందికి ఉండాలి. చీలమండ బిగబట్టనక్కర్లేకుండా పాదం వాలి ఉండాలి. అలా ఉన్నచోట నట్టు బిగించండి. ముందు నుంచి చూస్తే కడ్డీ నిటారుగా కనబడాలి. వంకరగా ఉంటే తొక్కిన ప్రతిసారీ ఒరుసుకుంటుంది, పెడల్ వెనక్కి రావడం ఆలస్యమవుతుంది.

పెడల్ ముందుకూ వెనక్కూ జరుగుతుందేమో కూడా చూడండి. పొట్టిగా ఉన్నవాళ్లు కుర్చీ అంచున కూర్చుని కుట్టడానికి పెడల్ దూరంగా ఉండటమే ముఖ్య కారణం. మేం పట్టీ బోల్టులు వదిలి 2 అంగుళాలు దగ్గరికి లాగాం. ఆ అమ్మాయి వీపు కుర్చీకి ఆనింది అప్పటినుంచే. బల్ల దించినదానికంటే ఇదే ఎక్కువ సుఖమిచ్చిందని తనే చెప్పింది.

మోకాలి మీట, దీపం

సూది దగ్గర బట్టను నొక్కిపట్టే ప్రెషర్ ఫుట్‌ను పైకెత్తే మోకాలి మీట కూడా బల్లకే ఉంటుంది కాబట్టి బల్లతోపాటు దిగి తొడకు తగలొచ్చు. స్క్రూ వదిలి, మోకాలు పక్కకు కొద్దిగా జరిపితే తగిలేలా పైకి తిప్పండి. దీపం వెలుగు కంట్లో పడకుండా, సూది మీద పడేలా వంచండి.

స్టాండు అంత కిందికి దిగకపోతే

కొన్ని స్టాండ్లు 29న్నర దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు మిగిలిన ఒక అంగుళాన్ని కింద నుంచి తేవాలి. పెడల్ పట్టీని పైరంధ్రంలోకి మార్చి ఒక అంగుళం లేపండి, కుర్చీనీ అంతే లేపండి. పైరంధ్రం లేకపోతే పెడల్ మీద అంగుళం మందం చెక్కను స్క్రూలతో బిగించండి. రెండూ కలిసి లేవాలి, ఒక్క కుర్చీయే లేస్తే మళ్లీ దుప్పటి కథే. పెడల్ లేస్తే కడ్డీ కూడా మళ్లీ సర్దాలి.

ఇంట్లో కాలితో తొక్కే పాత ఇనుప స్టాండు మిషన్ ఉన్నవాళ్లకు బల్ల దించే వీలుండదు. వాళ్లకూ ఇదే దారి. పెడల్ మీద చెక్క, దానికి తగ్గట్టు కుర్చీ. చెక్క కదలకుండా బిగించి, పెడల్ పూర్తిగా ఊగినప్పుడు పక్కనున్న చక్రానికి, కడ్డీకి తగలడం లేదని చేత్తో తిప్పి చూసుకున్నాకే కుట్టండి.

ఒకే మిషన్ మీద ఇద్దరు కుట్టే చోట రోజూ బల్ల మార్చడం కుదరదు. బల్లను పొట్టిమనిషి కొలతకు దగ్గరగా పెట్టి, పొడుగుమనిషి తొడలు తొట్టికి తగలకుండా ఉన్నాయేమో చూసుకోండి. తగిలితే అవి తగలనంత వరకే బల్లను లేపి, పొట్టిమనిషికి పెడల్ మీద తీసిపెట్టుకునే చెక్క ఇవ్వండి. కుర్చీ మాత్రం ఎవరిది వాళ్లకు ఉండాలి. మా షెడ్డులో స్టాండు కాళ్ల మీద రెండు రంగుల పెయింటుతో ఇద్దరి గీతలూ గీసి ఉంచాం. ఎవరైనా సెలవు పెట్టి వేరేవాళ్లు వారం రోజులు కూర్చోవాల్సి వస్తే ఆ గీతకు మార్చుకుంటారు.

పరీక్షకు పాత గుడ్డ మీద నెమ్మదిగా ఒక బారు కుట్టి చూడండి. శబ్దం మారినా, బల్ల అదిరినా ఆపి బోల్టులు చూడండి. అదురుకు నట్లు వదులవుతాయి, కాబట్టి మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి పానా వేయండి. కొలతలు కూడా వారం తర్వాత మళ్లీ చూడండి. అలవాటైన మెడ మొదటి రెండు రోజులు కొత్త ఎత్తును ఒప్పుకోదు. వారం తర్వాత కూడా భుజం లేస్తుంటే అర అంగుళం దించండి, నడుము వంగుతుంటే అర అంగుళం లేపండి. మా అమ్మాయికి రెండో వారంలో పావు అంగుళం లేపాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ స్టాండు మీద ఎర్ర గీత 28 ముప్పావు దగ్గర ఉంది.