జీవితాంతం చేయదగిన ఒకినావా కరాటే: సాన్‌చిన్‌తో మొదలుపెట్టే విధానం

జపాన్‌లోని ఒకినావా దీవి సంప్రదాయ కరాటేను జీవితాంతం సాధన చేయదలచినవారు, ఎన్ని కతాలు (ముందే నిర్ణయించిన కదలికల వరుసలు) నేర్చుకోవాలనే ఆలోచనను పక్కన పెట్టి, ఏ ఒక్క కతాను విడవకుండా రోజూ చేయగలమో ముందు నిర్ణయించుకోవాలి. అక్కడి నాహా నగరంలో రూపుదిద్దుకున్న గోజు-ర్యూ అనే కరాటే సంప్రదాయంలో ఆ స్థానం సాన్‌చిన్‌ది. హిగావొన్నా కాన్ర్యో (1853–1915) తన శిష్యులచేత ఏళ్ల తరబడి ప్రధానంగా ఈ కతానే చేయించేవారని చెబుతారు. ఆ శిక్షణలో ఎదిగిన మియాగి చోజున్ (1888–1953) తరువాత గోజు-ర్యూను స్థాపించారు. పైకి కొన్ని అడుగులు, కొన్ని గుద్దులు మాత్రమే కనిపించే కతా కావడం వల్ల, పోటీల కోసం వచ్చినవారు దీన్ని త్వరగా వదిలేస్తారు. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

పాదాలను భుజాల వెడల్పున ఉంచి, కుడి పాదాన్ని మొదట లోపలికి, తరువాత బయటికి అర్ధచంద్రాకారంలో జరుపుతూ, దాని మడమ వెనుక పాదం వేళ్లకు సమరేఖలో నిలిచేటట్లు ఆపాలి. ముందు పాదం వేళ్లు కొద్దిగా లోపలికి తిరగాలి, మోకాళ్లు కాస్త వంగాలి. రెండు పిడికిళ్లు భుజాల ఎత్తులోనూ, మోచేతులు పక్కటెముకలకు పిడికిలి దూరంలోనూ ఉండాలి. అక్కడి నుంచి ఎడమ పిడికిలిని చంక దగ్గరికి లాగి, నెమ్మదిగా ముందుకు గుద్ది, మళ్లీ అడ్డుకునే భంగిమకు తేవాలి. ఈ మొత్తం వ్యవధిలో భుజాలు పైకి లేవకుండా చూసుకోవడమే అన్నిటికంటే కష్టం. గురువు వెనుక నిలబడి భుజాలను, వీపును, తొడలను అరచేత్తో తట్టి చూసేది ఈ లోపాన్ని పట్టుకోవడానికే. ఆ పరీక్షలో దెబ్బ తీవ్రతకు ప్రాధాన్యం లేదు.

శ్వాసను ముక్కుతో పీల్చి, బొడ్డు కింది భాగం వరకు దింపి, కదలికతో పాటే నోటితో విడవాలి. గొంతు బిగించి ఊపిరిని బంధించడం రక్తపోటును పెంచుతుంది కాబట్టి, నడివయసు దాటినవారూ గుండె జబ్బు ఉన్నవారూ వైద్యుణ్ణి సంప్రదించి, బిగింపు తగ్గించి చేయాలి.

సాన్‌చిన్‌కు తోడు గుద్దుల సాధనకు వాడే మకివారా అంటే నేలలో బలంగా పాతి, పైభాగంలో వరిగడ్డి తాడు చుట్టిన చెక్క స్తంభం. అడుగున మందంగా, పైకి పోను పలచగా ఉండి, దెబ్బకు కొద్దిగా వంగి తిరిగి రావాలి. వంగని స్తంభం మణికట్టును దెబ్బతీస్తుంది. ఒకినావా కరాటే గురువు ఇతోసు అంకో 1908లో రాసిన పది సూత్రాల లేఖలో ఒక్కో చేత్తో వంద, రెండు వందల సార్లు కొట్టమన్నారు. అది అలవాటుపడిన చేతులకు తగిన లెక్క. కొత్తవారు చూపుడువేలు, నడిమివేలు మెటికలతో ఇరవై సార్లు తేలికగా కొట్టి, మరునాడు వాపు లేకపోతేనే సంఖ్య పెంచాలి.

వయసు మీదపడే కొద్దీ ఎత్తైన తన్నులను, గెంతులను తగ్గించుకోవచ్చు. వాటికి బదులు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, మణికట్లు ఆనించి, ఒకరి ఒత్తిడిని మరొకరు గ్రహిస్తూ నెట్టుకునే కాకియే అభ్యాసానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. సాన్‌చిన్‌లో సాధించిన నిలకడ ఇక్కడే పరీక్షకు వస్తుంది: అవతలివారు నెట్టినప్పుడు భుజం లేచినా, మడమ కదిలినా, మరునాటి సాధనలో ఏ అడుగును సరిదిద్దుకోవాలో వెంటనే తెలిసిపోతుంది.