బీచ్‌లో ఏరిన ప్లాస్టిక్‌తో తాబేలు చేద్దాం రండి

వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఆదివారం సాయంత్రం తర్వాత చూడండి, వాటర్ బాటిళ్ళు, చిప్స్ ప్యాకెట్లు, స్ట్రాలు ఎక్కడపడితే అక్కడే. వాటితోనే ఓ పెద్ద ఆలివ్ రిడ్లే తాబేలు చేసి జనం తిరిగే చోట పెట్టండి. తాబేలే ఎందుకంటే చలికాలం పోతూ పోతూ ఉండగా అవి గుడ్లు పెట్టడానికి మన తీరానికే వస్తాయి, నీళ్ళలో తేలే కవర్ని జెల్లీఫిష్ అనుకుని మింగేస్తాయి పాపం.

ముందు జీవీఎంసీ, అంటే నగరపాలక సంస్థ వాళ్ళ పర్మిషన్ తీస్కోండి. తర్వాత వెల్డింగ్ షాపులో 8 ఎంఎం చువ్వలతో ఆరడుగుల ఫ్రేమ్ చేయించి, చుట్టూ కోళ్ళ గూడుకి కొట్టే జాలీ బైండింగ్ వైరుతో బిగించండి, పొట్ట దగ్గర మాత్రం బాటిళ్ళు లోపల పెట్టడానికి చిన్న తలుపు ఉంచాలి.

అసలు టైమంతా కడగడానికే పోతుంది. బాటిల్ కడిగి, బోర్లించి, పూర్తిగా ఆరాక మూత పెట్టండి, లేదంటే లోపల నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి. పచ్చ బాటిళ్ళు డిప్పకి, తెల్లవి పొట్టకి. మూతలకి మేకుతో చిల్లు కొట్టి వైరుకి గుచ్చితే కాళ్ళు అవుతాయి, ప్లాస్టిక్ కాల్చి మాత్రం అతికించొద్దు, ఆ పొగ మంచిది కాదు.

మేం మొదటిసారి చేసిన తప్పు చెప్తా. అందంగా ఉంటుందని కవర్లు చిన్న చిన్న ముక్కలు కోసి దారంతో కట్టాం, ఒక్క రాత్రి గాలికి సగం ఊడిపోయి ఇసకంతా రంగు ముక్కలే, రెండ్రోజులు కూర్చుని ఏరాం, అయినా కొన్ని సముద్రంలోకి పోయుంటాయని ఇప్పటికీ బాధే. అందుకే ఏదీ కొయ్యకండి, మొత్తంగానే లోపల పెట్టండి.

రంగులు కూడా వెయ్యొద్దండి, లేబుళ్ళు అలాగే కనపడాలి. ఓ పిల్లాడు జాలీకి ముక్కు ఆనించి "అమ్మా, ఇది నేను రోజూ తినేదే" అన్నాడు, వాళ్ళమ్మ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. పక్కనే బోర్డు మీద ఎన్ని బాటిళ్ళు, ఎన్ని గంటల్లో దొరికాయో రాయండి, ఓ మంచినీళ్ళ క్యాన్ కూడా పెడితే ఇంటి నుంచి బాటిల్ తెచ్చుకున్నవాళ్ళు నింపుకుంటారు.

ఎండకి ప్లాస్టిక్ పెళుసెక్కి రాలుతుంది కాబట్టి రెండు నెలలకే విప్పేయండి. బాటిళ్ళు పాత సామాన్ల కొట్టుకి వెళ్తాయి, ఫ్రేమ్ వచ్చే ఏడాదికి దాచుకోండి. చిప్స్ ప్యాకెట్లు మాత్రం మా దగ్గర కొట్టువాడు తీసుకోలేదు, బస్తా అలాగే మిగిలింది, దాన్ని కూడా బోర్డు పక్కనే పెట్టి చూపించాం.