నెల్లూరు నుంచి లండన్: బయల్దేరే ముందు జాగ్రత్తలు

చెన్నై నుంచి లండన్‌కు గాలిలో సుమారు 8,200 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానంలో పదకొండు గంటలు అటూఇటూ. ఎదురుగాలి వల్ల వచ్చేటప్పటి కంటే పోయేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది.

ముందు టికెట్‌లో తేదీ చూడండి. రాత్రి 12 దాటాక విమానమంటే ముందురోజే ఇల్లు వదలాలి. చాలామంది తడబడేది ఇక్కడే. దిగే టైము లండన్‌ది, మనకన్నా వేసవిలో 4.30, చలికాలంలో 5.30 గంటలు వెనక. ఎదురు రావాల్సిన పిల్లలకు ఆ టైమే చెప్పండి.

ఎయిర్‌పోర్టు చెన్నై ఊరికి అవతల మీనంబాక్కంలో ఉంది. సూళ్లూరుపేట, తడ మీదుగా హైవే సాఫీగానే సాగుతుంది, టెన్షన్ అంతా రెడ్‌హిల్స్ దగ్గర్నుంచే. కారుకు ఐదు గంటలు లెక్కేసుకోండి, విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. నవంబరు, డిసెంబరు తుపాను రోజుల్లో అయితే ముందురోజే చెన్నై చేరండి. ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

ఆవకాయ చెకిన్ పెట్టెలో, పవర్‌బ్యాంకు చేతి బ్యాగులో. నెయ్యి, కోవా, మాంసం బ్రిటన్‌లోకి రానివ్వరు.

అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్తుంటే టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చైర్ కావాలని అడగండి. బీపీ, షుగర్ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి బ్యాగులోనే ఉంచండి.