గుర్రానికి మాలీసు: కుంకుడు, కొబ్బరినూనె, వేపనూనె ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ వద్దు

గుర్రం చర్మం తనకు కావాల్సిన నూనెను తనే ఊరించుకుంటుంది. వెంట్రుక మొదళ్లలోంచి వచ్చే ఆ జిడ్డే వాన నీటిని జారుస్తుంది, ఒంటికి మెరుపునిస్తుంది. దాన్ని ఒళ్లంతా సమంగా పాకించడమే మాలీసు. సీసాలో ఏ నూనె పోసి ఉంచుకున్నా ఇంతకంటే మేలైనది దొరకదు. కాబట్టి ముందు బ్రష్, తర్వాతే మిగతావన్నీ.

నీడలో, లాగితే వెంటనే ఊడే ముడితో కట్టండి. మొదట రబ్బరు ఖరారా, అంటే పళ్లున్న దువ్వెన లాంటిది. చెవుల వెనక మెడ దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుతూ తొడ దాకా రండి. కండ ఉన్న చోటే ఒత్తాలి. ముఖం మీద, మోకాళ్ల కింద, తుంటి ఎముక మీద ఒత్తితే గుర్రం చెవులు వెనక్కి వేస్తుంది, మర్నాడు బ్రష్ చూస్తేనే బెదురుతుంది. లేచిన దుమ్మును గట్టి బ్రష్‌తో వెంట్రుక వాలు వైపే విదిలించండి. చివరిది మెత్తని బ్రష్: చేతి బరువంతా వేసి పొడవుగా దువ్వాలి, నాలుగైదు దువ్వులకోసారి ఇనుప ఖరారాకు రుద్ది దులపాలి. ఇనుప ఖరారా పని అంతే, దాన్ని ఒంటికి తాకిస్తే గీరుకుపోతుంది. మెరుపు వచ్చేది ఈ మూడో దశలోనే. పక్కకు పది నిమిషాలైనా పడుతుంది, తొందర పడితే రాదు.

స్నానం రోజూ అక్కర్లేదు. చెమట పట్టిన రోజున ఉత్త నీళ్లు చాలు. కుంకుడు రసం రెండు మూడు వారాలకోసారి మించితే చర్మం నూనె కడుక్కుపోయి, ఒళ్లు గరుకెక్కి పొట్టు రాలుతుంది. గింజ తీసిన 12 కుంకుడుకాయలు లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి, పిసికి, పలుచటి గుడ్డలో వడకట్టండి. దాన్ని 5 లీటర్ల నీళ్లలో కలపండి. నిలవ ఉంచకండి, పులుస్తుంది. ముందు కాళ్లు తడిపి పైకి వెళ్లాలి. వేడెక్కిన వీపు మీద ఒక్కసారిగా కుమ్మరిస్తే గుర్రం అదురుతుంది. ముఖానికి కుంకుడు వద్దే వద్దు, కళ్లు మండి ఆ తర్వాత తల ముట్టనివ్వదు, తడి గుడ్డతో తుడవండి. నురగ జాడ పోయి నీళ్లు తేటగా జారేదాకా కడగాలి, మిగిలిన రసం ఎండితే దురద. తర్వాత నీళ్లు గీకి, జీను వేసే చోటు పూర్తిగా ఆరనివ్వండి.

వానాకాలంలో ఈ ఆరబెట్టడమే అసలు పని. వీపు తడితడిగానే ఉంటే డెర్మటోఫైలస్ అనే బాక్టీరియా పట్టి పెచ్చులు కడతాయి. పెచ్చు లేపితే వెంట్రుకలు కుంచెలా ఊడి వస్తాయి. అప్పుడు నూనె రాస్తే తడి లోపలే చిక్కి పుండు ముదురుతుంది.

కొబ్బరినూనె జూలుకూ తోకకూ మంచిది. చలికాలం గడ్డకడితే సీసాను వేడినీళ్లలో పెట్టండి. చెంచాడు నూనె అరచేతుల్లో రుద్దుకుని, చిక్కులను వేళ్లతో చివర నుంచి మొదలుకు విడదీయండి. దువ్వెనతో లాగి తెంపిన తోక వెంట్రుక మళ్లీ అంత పొడవు రావడానికి ఏళ్లు పడుతుంది. వీపుకు, పొట్టపట్టీ బిగించే చోటుకు మాత్రం రాయకండి. జీను జారుతుంది, దుమ్ము అంటి ఒరుసుకుపోతుంది.

వేపనూనె అసలుది నేరుగా రాస్తే చర్మం కందుతుంది. 10 మి.లీ. వేపనూనెకు 90 మి.లీ. కొబ్బరినూనె కలిపి, మెడ మీద రూపాయి బిళ్లంత రాసి ఒక రోజు చూడండి. వాపు, ఎరుపు లేకపోతే కాళ్ల కింది భాగాలకు, పొట్ట మధ్యకు, తోక మొదలుకు పలుచగా రాయండి. చూలు గుర్రానికి మానేయడం మేలు. ఈగలను కాస్త దూరం పెడుతుందే గానీ పిడుదులను పూర్తిగా వదిలించదు. చెవుల లోపల, జూలు కింద, తొడల సందున రోజూ వేళ్లతో తడిమి ఏరాలి. జోరీగలు సర్రా అనే రక్తపు పరాన్నజీవి జబ్బును మోస్తాయి. జ్వరం వచ్చిపోతూ, ఒళ్లు చిక్కుతూ, కాళ్లు వాస్తే నూనెలతో కాలం గడపకుండా రక్తపరీక్ష చేయించండి.

పెళ్లి ఊరేగింపుల తెల్ల గుర్రాలకు ఒక మాట. పసుపు మరక వాటి ఒంటి మీంచి వారాల తరబడి పోదు. తోకకు రంగు కావాలంటే ఉత్త గోరింటాకు పొడే వాడండి, నల్ల గోరింటాకులో కలిపే రసాయనం చర్మాన్ని కాలుస్తుంది. నుక్రా అనే తెల్ల గుర్రాల గులాబీ రంగు మూతి ఎండకు కమిలిపోతుంది, పగలు నీడే మందు. పందేలకు, పోటీలకు వెళ్లే గుర్రమైతే కర్పూరం, మిరపసారం కలిసిన తైలాలు వద్దు, డోపింగ్ పరీక్షలో దొరుకుతాయి.

గిట్టలను రోజూ మడమ వైపు నుంచి ముందుకు కొక్కెంతో శుభ్రం చేయండి. పాదం మధ్య వి ఆకారపు మెత్తని భాగాన్ని పొడవకండి. దాని పక్క గాడుల్లో నల్లటి కంపు జిగురు కనిపిస్తే కింద పరుపు తడిగా ఉందని అర్థం. ముందు మూత్రం నిలవని పొడి నేల ఇవ్వాలి.

మెరుపు లోపలి నుంచీ రావాలి: అప్పటికప్పుడు దంచిన అవిసెగింజలు దాణాలో చెంచాతో మొదలుపెట్టి మెల్లగా 100 గ్రాముల దాకా పెంచండి. పట్టీ ఒరిసిన చోటుకు కలబంద గుజ్జు హాయి. కోసిన మట్టను పావుగంట నిలబెట్టి పసుపుపచ్చ పాలు కారిపోనిచ్చాక తీయండి, నాకితే ఆ పాలు విరేచనాలు చేయిస్తాయి.

మాలీసు చేస్తూ తొడ లోపలి వైపు తాడు ముళ్లలా వరుసగా గడ్డలు, పగిలి కారే పుండ్లు, ముక్కు నుంచి జిగురు చీమిడి కనిపిస్తే చేయి వెనక్కి తీయండి. అది గ్లాండర్స్ కావచ్చు. మనిషికీ అంటుతుంది, ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బు. చేతులు సబ్బుతో కడుక్కుని, గుర్రాన్ని విడిగా కట్టి, ఆ రోజే ప్రభుత్వ పశువైద్యుడికి చెప్పండి. నమూనాల పరీక్ష హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది. ఆ ఫలితం వచ్చేదాకా దాని బ్రష్, బకెట్, కళ్లెం మరో గుర్రానికి తాకించకండి.