12 వోల్టుల బ్యాటరీకి వైరింగ్ ఎలా చేయాలి?

మేడ మీద రూములో ఇన్వర్టర్ బ్యాటరీ లాంటిదొకటి పెట్టి నాలుగు ఎల్ఈడీ లైట్లు, డీసీ ఫ్యాన్ నడుపుకునేవాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. 12 వోల్టులే కదా షాక్ కొట్టదు, ఏ వైరైనా నడుస్తుంది అనుకుంటారు, అసలు డేంజర్ అక్కడే. ప్లస్, మైనస్ తగిలితే బ్యాటరీ నుంచి ఒక్కసారిగా వందల ఆంపియర్లు వస్తాయి, రాగి ఎర్రగా కాలి పైన పీవీసీ అంటుకుంటుంది. ఏసీ 50, డీసీ 120 వోల్టుల లోపుంటే రూల్స్‌లో ఎక్స్‌ట్రా లో వోల్టేజ్ అని కొంత సడలింపు ఇస్తారు, కానీ అది షాక్ వరకే, మంటకి కాదు.

ముందు లోడ్ లెక్క చూడండి. మొత్తం 60 వాట్లు ఉంటే 12తో భాగిస్తే 5 ఆంపియర్లు.

తర్వాత వైరు. బ్యాటరీ 10 మీటర్ల దూరంలో ఉంటే పోనురాను 20 మీటర్లు, 1.5 స్క్వేర్ ఎంఎం వైరులో దాదాపు 1.3 వోల్టులు దారిలోనే పోతాయి, లైట్లు డల్ అయిపోతాయి. 4 స్క్వేర్ ఎంఎం వేస్తే అర వోల్టే పోతుంది. హైదరాబాద్ ఎలక్ట్రికల్ మార్కెట్ ట్రూప్ బజార్‌లో కొనేటప్పుడు వైరు మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 694 (పీవీసీ వైర్ల ప్రమాణం) అని ఉందో లేదో చూసి తీసుకోండి.

ఇక ఫ్యూజు. అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, దయచేసి వదిలేయకండి. ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, వైరుని, అందుకే బ్యాటరీ ప్లస్‌కి జానెడు లోపే ఉండాలి, రూములో స్విచ్ బోర్డు దగ్గర పెడితే మధ్యలో వైరు నలిగి షార్ట్ అయినా అది కొట్టదు. 5 ఆంపియర్ల లోడుకి కార్లలో వాడే 7.5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు సరిపోద్ది, కొట్టేసిందని దాని బదులు రాగి పోగు మాత్రం చుట్టొద్దు.

స్విచ్చు, ఎంసీబీ మీద డీసీ రేటింగ్ ఉండాలి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తది కాబట్టి స్విచ్ ఆఫ్ చేసినప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో ఆ ఛాన్స్ లేదు, కాంటాక్టులు కాలిపోతాయి.

జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టకుండా లగ్గులు (వైరు చివర తొడిగే లోహపు ముక్కలు) క్రింప్ చేయించండి, అంటే గట్టిగా నొక్కించి బిగించండి. 230 వోల్టుల వైర్లు ఉన్న పైపులో ఇవి దూర్చొద్దు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది, అందుకని మూసిన కబోర్డులో పెట్టకండి, మే ఎండలో రేకుల కింద కూడా వద్దు.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు ఉంగరాలు, గాజులు తీసేయండి, ఫ్యూజు బయటే ఉంచి ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించండి, విప్పేటప్పుడు మైనస్ ముందు. ఆఖర్లో ఫ్యూజు పెట్టి అరగంట ఫుల్ లోడ్ నడిపి ప్రతి జాయింటు పైన చేయి పెట్టి చూడండి, ఎక్కడైనా వేడిగా తగిలితే ఆఫ్ చేసి అది మళ్లీ బిగించాల్సిందే.