థైరాయిడ్ రిపోర్టు, గుండె రిపోర్టు కలిపి చూసుకోవడం ఎలా?

థైరాయిడ్‌కి ఒక డాక్టరు, గుండెకి ఇంకో డాక్టరు, ఫైళ్ళు కూడా రెండు. మా పెద్దమ్మ విషయంలో కొంప ముంచింది ఇదే. కొలెస్ట్రాల్ తగ్గట్లేదని ఏడాది పాటు స్టాటిన్ డోసు పెంచుకుంటూ పోయారు, తొడలు పట్టేస్తున్నాయి మెట్లెక్కలేకపోతున్నానురా అంటే వయసు కదా అన్నాం, చివరికి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయిస్తే 18 వచ్చింది. మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి, ఈ నంబర్ పెరిగిందంటే థైరాయిడ్ హార్మోన్ తగ్గినట్టు. ఆ ఏడాది వృథా పోకుండా ఏం చేసుండాల్సిందో రాస్తున్నా.

స్టెప్ 1: ఈ రెండిటికీ లింకేంటో తెలుసుకోండి

చెడు కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని, లివర్ తన కణాల మీదుండే రిసెప్టర్లతో పట్టుకుని రక్తంలోంచి లాగేస్తుంది. ఆ రిసెప్టర్లు సరిపడా తయారవ్వాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. అది తగ్గిందంటే పట్టుకునేవాళ్ళు తగ్గినట్టే, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఏళ్ళ తరబడి గుండెకి రక్తం అందించే కరొనరీ ధమనుల గోడల్లో పేరుకుంటుంది, పైగా రక్తనాళాలు బిగుసుకుని బీపీలో కింది నంబర్ కూడా పెరుగుతుంది. థైరాయిడ్ ఎక్కువైతే కథ రివర్స్: కొలెస్ట్రాల్ తగ్గుతుంది గానీ గుండె దడదడా కొట్టుకుంటూ ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, ధమని అప్పటికే సన్నబడి ఉంటే అంత రక్తం అందక ఛాతీ నొప్పి వస్తుంది.

స్టెప్ 2: రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టండి

ఎల్‌డీఎల్ బాగా ఎక్కువ వచ్చిందా? స్టాటిన్ డోసు పెంచేముందు టీఎస్‌హెచ్ ఒకసారి చూద్దామా అని డాక్టర్ని అడగండి. థైరాయిడ్ తక్కువున్నవాళ్ళకి దాన్ని సరిచెయ్యకుండా స్టాటిన్ ఇస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. అలాగని స్టాటిన్ మీ అంతట మీరు ఆపెయ్యకండి.

టీ4 (అంటే థైరాయిడ్ హార్మోన్) నార్మల్‌గా ఉండి టీఎస్‌హెచ్ మాత్రం 6 అలా వచ్చిందనుకోండి, కంగారు అక్కర్లేదు. 2010లో 11 అధ్యయనాల్లోని 55 వేల మందికి పైగా లెక్కలు కలిపి చూస్తే, 7 లోపు ఉన్నవాళ్ళకి కరొనరీ జబ్బు రిస్క్ పెరిగినట్టు కనబడలేదు, 10 దాటినవాళ్ళకే స్పష్టంగా పెరిగింది. హార్ట్ ఎటాక్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు చేసిన టీఎస్‌హెచ్‌ని మాత్రం వెంటనే నమ్మెయ్యలేం, ఒంట్లో బాగాలేనప్పుడు అది అటూఇటూ ఊగుతుంది, కోలుకున్నాక మళ్ళీ చేయించాలి. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, లేదంటే రిపోర్టే తప్పుగా రావచ్చు.

స్టెప్ 3: గుండె జబ్బుంటే థైరాయిడ్ మాత్ర నెమ్మదిగా

అసలు జాగ్రత్త ఇక్కడే. ఆరోగ్యంగా ఉన్న, వయసు పైబడని పెద్దవాళ్ళకి లెవోథైరాక్సిన్ (ఇదే థైరాయిడ్ మాత్ర) పూర్తి డోసు కిలోకి 1.6 మైక్రోగ్రాముల లెక్కన ఉంటుంది, అంటే 60 కిలోల మనిషికి 100 దగ్గర. కరొనరీ జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం డాక్టర్లు 12.5 లేదా 25తో మొదలుపెట్టి కొన్ని వారాలకోసారి కొంచెం కొంచెం పెంచుతారు, ఎందుకంటే ఇన్నాళ్ళూ మెల్లగా నడిచిన గుండెని ఒక్కసారిగా పరిగెత్తిస్తే ఆంజైనా (గుండెకి రక్తం చాలక వచ్చే ఛాతీ నొప్పి) రావచ్చు, ఎటాక్ కూడా రావచ్చు. మా పెద్దమ్మకి 75కి చేరేసరికి ఆరు నెలలు పట్టింది, మధ్యలో "ఈ చిన్న మాత్రతో ఏమవుతుందే" అని రోజూ విసుక్కునేది. డోసు మార్చిన ఆరు వారాలకి గానీ టీఎస్‌హెచ్ చేయించినా లాభం లేదు, ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, లెవెల్ కుదురుకోవాలి కదా. పెంచాక నడిస్తే ఛాతీ బిగపట్టడం, దడ, ఆయాసం ఉంటే అదే రోజు డాక్టరుకి చెప్పండి, కూర్చున్నా తగ్గని ఛాతీ నొప్పి అయితే నేరుగా ఎమర్జెన్సీకే.

పొద్దున్నే పరగడుపున నీళ్ళతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ ముట్టకండి, ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల గ్యాప్ ఇవ్వండి.

ఒక పాత కథ చెప్పాలి. అమెరికాలో 1960ల్లో మొదలైన కరొనరీ డ్రగ్ ప్రాజెక్టులో, హార్ట్ ఎటాక్ వచ్చి బతికిన మగవాళ్ళకి కొలెస్ట్రాల్ తగ్గిద్దామని డెక్స్‌ట్రోథైరాక్సిన్ అనే ఒక రకం థైరాయిడ్ హార్మోన్ మందు ఇచ్చి చూశారు, కొలెస్ట్రాల్ తగ్గింది గానీ చావులు ఎక్కువవుతున్నాయని ఆ మందుని మధ్యలోనే ఆపేశారు. థైరాయిడ్ నార్మల్‌గా ఉండి బరువు తగ్గడానికో కొలెస్ట్రాల్‌కో ఈ మాత్రలు వేసుకునేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

స్టెప్ 4: గుండె మందుల వైపు నుంచి కూడా చూడండి

గుండె లయ తప్పితే ఇచ్చే అమియోడరోన్‌లో అయోడిన్ దట్టంగా ఉంటుంది, 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాములు. మనకి రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములే, అంటే 500 రెట్లు! థైరాయిడ్ ఎటువైపైనా చెడిపోవచ్చు కాబట్టి మొదలుపెట్టే ముందు, తర్వాత ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ చేయించాలి. యాంజియోగ్రామ్ డైలో కూడా అయోడినే ఉంటుంది, మెడలో గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు) ఉన్నా థైరాయిడ్ ఎక్కువున్నా టేబుల్ ఎక్కేముందే ఆ మాట చెప్పండి.